స్తూరె ఎవరి మనిషి

పొద్దున్నే నాలుగున్నరకి బార్బ్రో బేకరీ తలుపు తీసేది. బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, ఏప్రన్ కట్టుకుని, ఓవెన్ జోలికి పోకముందు కిటికీ గట్టు మీదున్న చిన్న చెక్కపెట్టె మూత తీసేది. అందులో అగ్గిపుల్లంత సన్నగా చుట్టిన కాగితం చీటీలుండేవి. ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం. కళ్లు మూసుకుని ఒకటి తీసి, వినేవాళ్లున్నా లేకున్నా పైకి చదివి, మళ్లీ చుట్టి లోపల పెట్టేది. మంచి మాట వస్తే "సంతోషం" అనేది. కఠినమైన మాట వస్తే "సరే, చూద్దాం" అనేది. దేవుడితో ఆమెకు అంతకంటే పెద్ద సంభాషణ ఉండేది కాదు. ఆ తర్వాతే ఓవెన్ వెలిగించేది.

ఆ బేకరీలో చేసేది ఒకటే సరుకు. ఉత్తరాది మంచుదేశంలోని స్మోలాండ్ సీమలో పెళ్లికైనా, చావుకైనా, క్రిస్మస్‌కైనా అది లేనిదే బల్ల నిండదు. గోరువెచ్చని పాలను మందు వేసి విరగ్గొట్టి, గుడ్లు, మీగడ, దంచిన బాదం కలిపి ఓవెన్లో పెడితే జున్నులాగా గట్టిపడుతుంది, పైన గోధుమరంగు తిరుగుతుంది. వాళ్ల భాషలో దాని పేరు వేరే, మనం జున్నుకేకు అనుకుందాం. దాన్ని వడ్డించుకోవడానికి ఒక పద్ధతుంది. గరిటె నడిమధ్యలో దించాలి, అంచు ముట్టకూడదు. పూర్వం రాగి పాత్రల్లో చేసేవాళ్లు కాబట్టి అంచుకు చిలుము రుచి తగిలేది. అందుకని నడిమి ముక్క పాస్టరుకో, దూరం నుంచి వచ్చిన చుట్టానికో వెళ్లేది. అంచు ఇంటివాళ్లకి మిగిలేది. రాగి పాత్రలు పోయి ఎన్నో ఏళ్లయినా పద్ధతి మాత్రం పోలేదు.

ఓస్‌హుల్ట్ అనే ఆ ఊళ్లో బార్బ్రో ఇరవై రెండేళ్లు ఏవర్ట్ దగ్గర పనిచేసింది. ఏవర్ట్, అతని భార్య గున్నెల్ కలిసి పెట్టిన బేకరీ అది. పిల్లలు లేరు. గున్నెల్ పోయాక పనంతా వీళ్లిద్దరే చూసుకున్నారు. ఇద్దరికీ మాటలు తక్కువ. ఏవర్ట్ ఏడింటికి వచ్చి కాఫీ కలిపి, బార్బ్రో కప్పు మీద చల్లారకుండా సాసరు బోర్లించి, గోడవైపు తిరిగి పేపరు చదువుకునేవాడు. బార్బ్రో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి తాగినా కాఫీ వెచ్చగా ఉండేది. ఆ సాసరు సంగతి ఇరవై రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఏవర్ట్‌కి డెబ్బై ఒకటో ఏడు వచ్చాక మోకాళ్లు మొరాయించాయి. ఒక గురువారం కాఫీ దగ్గర పేపరు మడిచి, "అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు.

"బేకరీనా?"

"మోకాళ్లు ఎవరూ కొనరుగా."

బార్బ్రో కప్పు కిందపెట్టింది. "నేను కొంటాననుకుంటే?"

ఏవర్ట్ కిటికీలోంచి బయటికి చూశాడు. "నువ్వు కొంటే బాగుంటుంది. కానీ ధర మాట మనిద్దరం మాట్లాడుకోలేం బార్బ్రో. నాకు నోరు రాదు, నీకు అసలే రాదు. యోన్‌షోపింగ్ నుంచి ఒకాయన్ని పిలిచా. వ్యాపారాలు అమ్మిపెట్టే బ్రోకరు. అంతా అతనితో మాట్లాడు."

ఆమెకి పెద్ద బరువు దిగినట్టయింది. ఆ సీమ మనుషులకి ధర మాట్లాడటమంటే చన్నీళ్ల స్నానంలాంటిది. మధ్యలో ఇంకొకరుంటే చాలు, పెళ్లి సంబంధం కుదిరినంత సంతోషం.

బార్బ్రోకి బ్రోకర్లంటే మంచి అభిప్రాయమే. ఎనిమిదేళ్ల కిందట ఆమె చర్చి వెనక చిన్న ఫ్లాటు కొనుక్కుంది. ఇళ్లు అమ్మిపెట్టే ఆ బ్రోకరమ్మాయి ఆమెను స్నానాలగదిలోకి తీసుకెళ్లి, "ఈ కాళ్లపట్టా ఎత్తి చూడు, కింద తేమ ఉంది. కొనేముందు నీకు తెలియాలి" అంది. అమ్మేవాడు పక్కనే నిలబడి తల ఊపాడు. ఇళ్ల బ్రోకరు అమ్మేవాడి దగ్గర డబ్బు తీసుకున్నా ఇద్దరి మేలూ చూడాల్సిందేనని ఆ దేశంలో చట్టమే ఉంది. ఓస్‌హుల్ట్‌లో ఇల్లు కొన్న ప్రతివాడికీ ఇది తెలుసు. బ్రోకరంటే పడవలో మధ్యన కూర్చున్న మనిషి, ఏ పక్కకీ వాలడు అని వాళ్ల నమ్మకం. ఇళ్లకున్న చట్టం బేకరీలకు లేదని ఎవరికీ తోచలేదు. తోచే అవసరమూ రాలేదు. ఆ ఊళ్లో బేకరీ అమ్ముడుపోవడం అదే మొదటిసారి.

స్తూరె ఫిబ్రవరిలో వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, బూడిదరంగు కోటు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి మేజోళ్లతోనే లోపలికి నడిచాడు. అక్కడే బార్బ్రోకి అతను నచ్చేశాడు. ఏవర్ట్ ఆ రోజు మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. స్తూరె మొదట ఒక కాగితం ఇచ్చాడు, బేకరీ లెక్కలు బయట చెప్పకూడదన్న ఒప్పందం. బార్బ్రో చెప్పకూడదన్న భాగం రెండుసార్లు చదివి, మిగతాది చదవకుండా సంతకం పెట్టింది. తర్వాత వెచ్చటి జున్నుకేకు తెచ్చి గరిటె అతని వైపు తిప్పింది.

"నడిమధ్యన తీసుకో."

"అయ్యో, అది పాస్టరుది కదా" అన్నాడతను.

"పాస్టరు ఆదివారం తింటాడులే. ఇవాళ నువ్వే పాస్టరువి." ఆ దేశంలో పాస్టరునైనా పెద్ద డాక్టరునైనా నువ్వనే అంటారు. మర్యాదంతా గొంతులో ఉంటుంది.

అతను ముందు తలొంచి క్షణం సేపు కళ్లు మూసుకుని, తర్వాత తిన్నాడు. ప్రార్థన చేసుకుని తినే మనిషని తెలిసేసరికి బార్బ్రో మనసు ఇంకా తెరుచుకుంది. తను ఏళ్లుగా దాచుకున్నది ఎంతో చెప్పింది. బ్యాంకు ఎంతవరకు అప్పిస్తానందో చెప్పింది. "మొదట పది లక్షల క్రోనార్లకి అడుగుతా. కానీ పద్నాలుగు దాకా వెళ్లగలను. అంతకుమించి ఒక్క పైసా లేదు. ఇది కాకపోతే నాకు వేరే పని రాదు స్తూరె, వేరే చోటికి పోనూ పోను."

స్తూరె చెంచా ప్లేటు అంచున పెట్టాడు. "బార్బ్రో, నేను ఏవర్ట్ తరఫున పనిచేస్తున్నా."

"తెలుసుగా. అతనే కదా పిలిచింది. జామ్ వేసుకో."

స్తూరె ఒక క్షణం ఆగి, జామ్ వేసుకున్నాడు. అతను చెప్పాల్సింది చెప్పాడు. ఆమె విన్నది. విన్న మాట ఆమె లోపలికి వెళ్లి ఇళ్ల బ్రోకరమ్మాయి పక్కన కూర్చుంది. తేడా ఏమిటో ఆమెకి అందలేదు.

బార్బ్రో తన పది లక్షల మాట కాగితం మీద రాసి పంపింది. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. ఏవర్ట్ పద్నాలుగు లక్షలకైతే ఇస్తాడు.

పన్నెండు కాదు, పదిహేను కాదు. ఆమె ఆ కాగితం చూస్తూ నిలబడిపోయింది. పద్నాలుగు ఇస్తే బేకరీ తనదవుతుంది. కానీ ఓవెన్ ఏమవుతుంది? ఏవర్ట్, గున్నెల్ పెళ్లయిన ఏడాది తెచ్చి పెట్టుకున్న ఓవెన్ అది. వెనక గోడ లోపలివైపు బీటలు తీసింది. మూడేళ్లుగా వేడి ఒకపక్కే నిలుస్తోంది. బార్బ్రో ప్రతి పావుగంటకీ పళ్లాలు తిప్పుతుంటే ఎలాగో నడుస్తోంది. మహా అయితే ఇంకో ఏడాది. ఓవెన్ పోతే జున్నుకేకు లేదు, జున్నుకేకు లేకపోతే బ్యాంకుకి కట్టేది లేదు. కొన్న ఏడాదికే తలుపు మూసుకోవాలి. ఆ సంగతి ఏవర్ట్‌కీ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా తన కాగితంలో ఆమె ఆ మాట రాయలేదు. గున్నెల్ చేత్తో తుడిచిన ఓవెన్ని బాగా లేదనడం అన్నం పెట్టిన చేతిని తిట్టినట్టుంటుందనుకుంది.

ఆదివారం మిషన్ మందిరంలో ఆరాధన అయ్యాక కింది గదిలో కాఫీ. బార్బ్రో కప్పు పట్టుకుని దగ్ని పక్కన కూర్చుంది. దగ్నికి డెబ్బై ఎనిమిదేళ్లు. పొదుపు బ్యాంకులో ముప్పై అయిదేళ్లు చేసి రిటైరయింది. ఇప్పుడు ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మేజోళ్లు అల్లుతుంది. మందిరంలో అందరూ ఆమెను అక్కా అంటారు.

"దగ్ని అక్కా, బ్రోకరు చేతకానివాడైతే ఏం చేస్తారు?"

"ఏం, ఏం చేశాడు?"

"ఎంత దాకా ఇవ్వగలనో అతనికి చెప్పా. సర్దుతాడనుకుంటే సరిగ్గా అంతే అడిగించాడు. ఏవర్ట్‌ని తగ్గించలేకపోయాడు."

దగ్ని అల్లిక సూదులు ఆపింది. "ఎంతివ్వగలవో ఎవరికి చెప్పావూ?"

"బ్రోకరుకి."

"అతనికి డబ్బెవరిస్తారు?"

"ఏవర్ట్."

"ఎంతిస్తాడు?"

"అమ్మిన ధరలో ఇంత భాగమని."

"అంటే నువ్వు ఎక్కువిస్తే అతనికెక్కువ వస్తుంది. ఆ మనిషికి పోయి నీ సంచీ మూతి విప్పి చూపించావు."

"ఇల్లు కొన్నప్పుడు ఆ అమ్మాయి..."

"ఇల్లు ఇల్లే, బేకరీ బేకరీయే. ఇళ్ల బ్రోకరు ఇద్దరినీ చూడాలని చట్టం ఉంది. వీళ్లకి లేదు. వీళ్లు పిలిచినవాడి మనుషులు. బ్యాంకులో నా బల్ల ముందు కూర్చుని నీలాగే ఎంతమంది ఆశ్చర్యపోయారో. తిండి కూడా పెట్టావా?"

బార్బ్రో చెంచాతో కాఫీ కలిపింది.

"నడిమి ముక్కే పెట్టుంటావు."

"అతను తినేముందు ప్రార్థన చేసుకున్నాడక్కా."

"చేసుకోనీ. ప్రార్థన చేసుకునేవాడు ఎవరి మనిషో మర్చిపోడు. నువ్వు మర్చిపోయావు." దగ్ని సూదులు మళ్లీ కదిపింది. "అతను అబద్ధమాడాడా?"

బార్బ్రో ఆలోచించింది. "లేదు. ఏవర్ట్ తరఫున అని చెప్పాడు. నేను జామ్ వేసుకోమన్నా."

దగ్నికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోడానికి కాఫీ తాగింది. తాగాక పొలమారింది. బార్బ్రో ఆమె వీపు నిమిరింది.

ఆ తర్వాత వారమంతా బేకరీలో ఇద్దరూ పాలడబ్బాల మధ్య మూగవాళ్లలా తిరిగారు. ఏవర్ట్‌కి తన పద్నాలుగు సంగతి తెలుసని బార్బ్రోకి అర్థమైంది. పేపరు మడతలోంచి తొంగిచూసే ఆ చూపే చెప్పింది. సాసరు మాత్రం రోజూ కప్పు మీద బోర్లించే ఉండేది. అది చూస్తే ఆమెకి కోపం ఎటు పోవాలో తెలిసేది కాదు.

శుక్రవారం చీటీ తీసింది. భయపడవద్దని ఉంది. "సరే, చూద్దాం" అని, తొమ్మిదింటికి స్తూరెకి ఫోన్ చేసింది.

"స్తూరె, నువ్వు ఎవరి మనిషివి?"

"ఏవర్ట్ మనిషిని. ఆ రోజే చెప్పా బార్బ్రో. కానీ చెంచా చేతిలో పెట్టుకుని చెప్పా, ఒక్కసారే చెప్పా. నీకు చేరలేదని తెలిసి కూడా ఊరుకున్నా."

"నేను చెప్పినవన్నీ ఏవర్ట్‌కి చెప్పావా?"

"చెప్పాలి. నాకు తెలిసింది అతనికి తెలియాలి, అది నా పని. అతను వినడానికి ఇష్టపడలేదు. అయినా చెప్పా. ఇప్పుడొక మాట చెప్తా, నీకు చెప్పానని ఏవర్ట్‌కి కూడా చెప్తా. నాకింకేమీ చెప్పకు. ఇకమీదట మాటలన్నీ బల్ల దగ్గరే, అందరి ముందే. నువ్వు నీ మనిషినొకరిని తెచ్చుకో."

"నాకు మనిషంటూ ఎవరున్నారు? ఒక్కదాన్నే."

"వెతుక్కో. ఉంటారు."

ఫోన్ పెట్టేశాక ఆమె అతని మీద కోపం కోసం వెతికింది గానీ దొరకలేదు. మధ్యాహ్నం దగ్ని ఇంటికి వెళ్లి అడిగింది. దగ్ని అల్లుతున్నది పక్కన పెట్టకుండానే, "ఏ రోజు? డబ్బేమీ అక్కర్లేదు. నాకు అంచు ముక్క పెట్టు, నాకదే ఇష్టం" అంది.

మంగళవారం నలుగురూ బేకరీ వెనక గదిలో కూర్చున్నారు. ముందెప్పుడూ అక్కడ గుండ్రటి బల్ల ఉండేది. దగ్ని పొద్దున్నే వచ్చి దాన్ని గోడకి జరిపించి, పిండి కలిపే పొడుగు బల్ల వేయించింది. ఏవర్ట్, స్తూరె ఒక పక్క. బార్బ్రో, దగ్ని ఎదురుగా. ఇరవై రెండేళ్లలో ఏవర్ట్‌కి ఎదురుగా కూర్చోవడం బార్బ్రోకి అదే మొదటిసారి. ఎప్పుడూ పక్కపక్కనే నిలబడి పనిచేశారు.

స్తూరె కాగితాలు పరిచాడు. పాత ఖాతాలు, దుకాణాల ఆర్డర్లు, సామాను పట్టిక. దగ్ని కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కొక్క వరసా దిగింది. ఓవెన్ దగ్గర ఆగింది.

"బాగా ఉంది అని రాశావు."

"ఏవర్ట్ చెప్పాడు" అన్నాడు స్తూరె.

"నువ్వు వెళ్లి చూశావా?"

"వేడిగా ఉంది. చెయ్యి పెట్టలేదు."

దగ్ని ఏవర్ట్ వైపు తిరిగింది. మందిరంలో పాటల పుస్తకం అందించేటప్పటి గొంతుతోనే అడిగింది. "ఏవర్ట్, వెనకగోడ బీట సంగతి నీ మనిషికి చెప్పావా?"

ఏవర్ట్ బల్ల మీది చెక్క ఈనెల్ని గోటితో గీశాడు. స్తూరె అతని వైపు చూశాడు. కొంచెం ఆశ్చర్యం, కొంచెం అలసట. రోజూ చూసే సంగతే మళ్లీ కనబడినవాడి చూపు.

"చెప్పలేదు" అన్నాడు ఏవర్ట్.

"నాకు చెప్పాలి ఏవర్ట్. నీ మంచీ చెడూ రెండూ తెలిస్తేనే నీ తరఫున మాట్లాడగలను."

"గున్నెల్ ఓవెన్ అది." ఏవర్ట్ కళ్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. "బీట తీసిందని ఎవరితోనూ అనలేకపోయా." తర్వాత తలెత్తి బార్బ్రోని చూశాడు. "పద్నాలుగు మాట నాకు తెలియకూడనిది. తెలిశాక అడక్కుండా ఉండలేకపోయా. అప్పట్నుంచీ నాకు కాఫీ రుచి తెలియడం లేదు."

"నీ కాఫీకి ఎప్పుడు రుచుందిలే" అంది బార్బ్రో.

అక్కడ మొదటిసారి అందరూ నవ్వారు. ఆ తర్వాత గంటన్నరలో తేలిపోయింది. కొత్త ఓవెన్ ఖరీదు స్తూరె తానే కనుక్కున్నాడు, ఏవర్ట్ తరఫు మనిషిగా ఇంతకు కిందికి దిగనని రెండుసార్లు గట్టిగా పట్టుబట్టాడు, దగ్ని రెండుసార్లూ మేజోడు అల్లుతూ కాదంది. పదకొండున్నర లక్షల దగ్గర ఆగారు. ఏవర్ట్ మూడు నెలలు ఉండి దుకాణాల వాళ్లతో మాట్లాడటం నేర్పాలి. కాగితాల మీద సంతకాలయ్యాక బార్బ్రో జున్నుకేకు తెచ్చింది. గరిటె చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి నడిమి ముక్క దగ్ని ప్లేటులో వేసింది. దగ్ని అంచు ముక్క అడిగిన సంగతి గుర్తుచేసింది. బార్బ్రో వినిపించుకోలేదు.

బేకరీ ఆమె చేతిలో పద్నాలుగేళ్లు నడిచింది. కొత్త ఓవెన్ వచ్చింది. పాత ఓవెన్ ఇనప తలుపు ఒకటి ఏవర్ట్ పట్టుకెళ్లి తన తోటలో నిలబెట్టుకున్నాడు. దాని మీద వేసవిలో గులాబీ తీగ పాకింది. మూడు నెలలని చెప్పినవాడు ఇంకో ఆరేళ్లు రోజూ ఏడింటికి వచ్చి కాఫీ కలిపి, సాసరు బోర్లించి వెళ్లాడు. ఒక నవంబరులో రాలేదు. మందిరంలో ఆయన అంత్యక్రియల కాఫీకి బార్బ్రో యాభై జున్నుకేకులు చేసింది. ఆ తర్వాత రెండేళ్లకి దగ్ని కూడా పోయింది. మేజోళ్లలో ఒక జత సగంలో ఆగింది. బార్బ్రోకి అల్లడం అంతగా రాదు. అయినా ఆ రెండోది పూర్తిచేసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయింది. వాటినెవరికీ ఇవ్వకుండా చీటీల పెట్టె పక్కన ఉంచుకుంది.

స్తూరె ఏటా క్రిస్మస్ ముందు వచ్చి రెండు కేకులు కొనుక్కెళ్లేవాడు. డబ్బు వద్దంటే ఒప్పుకునేవాడు కాదు. "ఇప్పుడు నేనెవరి మనిషినీ కాను, కొనేవాణ్ని" అనేవాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో నిలబడి, ఒక కప్పు తాగి వెళ్లేవాడు.

అరవై అయిదు నిండాక బార్బ్రో చేతివేళ్లు తెల్లవారుజామున మడతపడటం మానేశాయి. పళ్లాలు జారుతున్నాయి. ఆ ఏడు స్తూరె కేకులు కొనడానికి వచ్చినప్పుడు ఆమె అడిగింది. "ఈసారి నువ్వు నా మనిషివిగా ఉంటావా?"

స్తూరెకీ అరవై నాలుగు. వచ్చే ఏడు పని మానేస్తానని చెప్పాడు. "ఇదే చివరిది చేస్తా" అని ఒప్పుకున్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితాలు రాసేటప్పుడు బార్బ్రో తానే ముందు చెప్పింది. చలిగది తలుపు సరిగ్గా మూసుకోదు. వెట్లాండా ఊళ్లో ఒక పెద్ద దుకాణం వచ్చే ఏడు కేకులు తీసుకోకపోవచ్చు. మీగడ సరఫరా చేసే రైతు ముసలివాడు. స్తూరె అన్నీ రాసుకున్నాడు.

"ఏవర్ట్ కంటే నువ్వు నయం" అన్నాడు.

"ఏవర్ట్ దగ్గరే నేర్చుకున్నా."

మార్చిలో బేకరీ కొంటానని నీనొస్ వచ్చాడు. ముప్పై ఆరేళ్లు. అతని తాత ముత్తాతలు తూర్పు నుంచి వచ్చిన అసిరియా క్రైస్తవులు, అతను మాత్రం పుట్టిందీ పెరిగిందీ యోన్‌షోపింగ్‌లోనే. పాలకేంద్రంలో పదేళ్లు జున్ను విభాగంలో చేశాడు. పాలు చెయ్యి పెట్టి చూసి ఎంత వెచ్చనో చెప్పగలడు. వాళ్లమ్మ ఖర్జూరం పెట్టి చేసిన బిస్కట్లు ఒక డబ్బా నిండా తెచ్చాడు.

"ఆంటీ, ఇవి నీకు."

"ఇక్కడ ఆంటీలు లేరు నాయనా, నా పేరు బార్బ్రో."

"పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ వీపు మీద వేస్తుంది. ఆంటీయే."

బార్బ్రోకి అతను నచ్చాడు. బేకరీ అంతా చూశాక వెనక గదిలో కూర్చోబెట్టింది. అప్పటికి పొడుగు బల్ల పాలగదిలోకి వెళ్లిపోయింది. గుండ్రటి బల్లే మళ్లీ మధ్యలోకి వచ్చింది. స్తూరె ఇద్దరికీ మధ్యగా కూర్చున్నాడు, వేరే కుర్చీ లేక. గంట మోగితే బార్బ్రో పళ్లాలు తీయడానికి లోపలికి వెళ్లింది. నీనొస్ గొంతు ఓవెన్ చప్పుడులోంచి ముక్కలు ముక్కలుగా వినిపించింది. పోయిన ఏడాది ఫ్లాటు కొన్నాడట. ఆ బ్రోకరు ఎంత మంచివాడో, కిటికీ పగులు దాచకుండా చూపించాడట.

ఆమె పళ్లెం చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగింది. నీనొస్ మోచేతులు బల్ల మీద ఆనించి స్తూరె వైపు వంగి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. భార్య అన్నయ్య పేరేదో చెప్పాడు, బ్యాంకు అన్నాడు. అంకె ఆమెకి వినబడలేదు. వినబడేంత దగ్గరికి ఆమె వెళ్లలేదు. స్తూరె చెంచా ప్లేటు అంచున పెట్టడం మాత్రం చూసింది.

"నీనొస్, నేను బార్బ్రో తరఫున పనిచేస్తున్నా" అన్నాడు స్తూరె.

"ఆ, తెలుసు తెలుసు. చాలా మంచి పద్ధతి" అన్నాడు నీనొస్, ఇంకో బిస్కట్టు అతని ప్లేటులో వేస్తూ.

నీనొస్ వెళ్లేటప్పుడు కారు దాకా బార్బ్రో వెళ్లింది. వాళ్లమ్మకని ఒక కేకు చుట్టి ఇచ్చింది. అతను గురువారం ధర కాగితం తీసుకుని వస్తానన్నాడు. ఇద్దరు పిల్లలున్నారని, పెద్దదానికి పాలు పడవని, అయినా ఈ కేకంటే ప్రాణమని చెప్పాడు. కారు మంచులో మెల్లగా మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆమె లోపలికి వచ్చేసరికి స్తూరె నోటుబుక్కు తెరిచి పెట్టుకున్నాడు. ముఖం పనిలో ఉన్నప్పటిలా ఉంది.

"బార్బ్రో, అతను నాకొక సంగతి చెప్పాడు. నేను నీ మనిషిని కాబట్టి నీకు..."

ఆమె పిండి అంటిన చెయ్యి ఎత్తింది. అతను ఆగాడు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కిటికీ గట్టు మీద చీటీల పెట్టె, దాని పక్కన సమానం కాని రెండు మేజోళ్లు. వాటిని కాసేపు చూసింది.

"స్తూరె, నాకొక సాయం చెయ్యి. నీకు నా తరఫున ఇంకే పనీ చెప్పను, ఇదొక్కటి చేసిపెట్టు. అతను చెప్పిన అంకె నాకు చెప్పకు. ఇవాళే కాదు, ఎప్పటికీ. గురువారం ఆ పొడుగు బల్ల బయటికి లాగుదాం. నువ్వు నా పక్కన కూర్చో. కాఫీ పోయకముందు, చెంచా చేతిలోకి తీసుకోకముందు, నువ్వెవరి మనిషివో అతనికి రెండుసార్లు చెప్పు. తన మనిషినొకరిని తెచ్చుకోమను. ఎవరూ లేరంటే, వాళ్లమ్మని తీసుకురమ్మను."